రూనామో శిల: చదివినవారు, చూచినవారు

పొలములోనో, ఏటి గట్టుననో, కొండదారిలోనో వింత గీతలున్న రాయి దొరికినచో మన పల్లెలలో దానిని మొదట బడిపంతులుగారికే చూపింతురు. "అయ్యా, దీనిమీద ఏదో వ్రాసియున్నది, చదివి చెప్పండి" అని అడుగుదురు. ఈ అడుగుటలోనే ఒక చిక్కు ఉన్నది. రాతిమీద ఉన్నది వ్రాతయే అని అడిగినవారు ముందుగానే తీర్మానించుకొన్నారు. ఇక పంతులుగారికి మిగిలినది దానిని చదువుట మాత్రమే. కాని చదువుటకు పూర్వము తేల్చవలసిన ప్రశ్న వేరొకటి కలదు: అది అసలు వ్రాతయేనా?

ఈ రెండు ప్రశ్నల వరుస తారుమారైనచో ఎంతటి పండితులైనను దారి తప్పుదురు. ఇందుకు చక్కని నిదర్శనము స్వీడన్ దేశమందలి రూనామో శిల. దానినిగురించి మూడేండ్ల ఎడముతో రెండు గ్రంథములు వెలువడినవి. మొదటిది 1841లో ఫిన్ మాగ్నూసెన్ ప్రకటించినది. రెండవది 1844లో వోర్సో ప్రకటించినది. మొదటి గ్రంథము ఆ శిలను చదివినది. రెండవది దానిని చూచినది. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి, ఒకటి ఎందుకు కూలిపోయినదో, రెండవది ఎందుకు నిలిచినదో విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

శిల, దాని ప్రతిష్ఠ

స్వీడన్ దక్షిణ భాగమున బ్లేకింగే అను సీమ కలదు. 1658 వరకు అది డెన్మార్క్ రాజ్యములోనిది. అచ్చట బ్రెక్నె-హోబీ అను ఊరికి సమీపమున ఒక నల్లని శిల, పరచిన పట్టీవలె, నేలమీద సాగియున్నది. దానిపై నిలువుగను ఏటవాలుగను ఎన్నో గీతలు కలవు. ఉత్తర ఐరోపా ఖండపు ప్రాచీన లిపికి రూన్ లిపి అని పేరు. దాని అక్షరములు కొయ్యమీదను రాతిమీదను చెక్కుటకు అనువుగా నిలువు గీతలతోను ఏటవాలు గీతలతోను ఏర్పడినవి. రాతి పగుళ్లును తరచు అట్లే ఉండును. మన తెలుగు లిపివలె గుండ్రని అక్షరములు గల దేశములో ఈ భ్రమ ఇంత సులభముగా కలిగియుండదు.

1200 ప్రాంతమున డెన్మార్క్ చరిత్ర వ్రాసిన సాక్సో గ్రమాటికస్ ఈ శిలను పేర్కొనెను. రెండు రేఖల నడుమ అక్షరములు దూరముగా సాగిపోవుచున్నవనియు, వానిని హారల్డ్ రాజు తన తండ్రి ఘనకార్యముల జ్ఞాపకార్థము చెక్కించెననియు అతడు తెలిపెను. వాల్డెమార్ రాజు మనుష్యులను పంపి ఆ గుర్తులను నకలు చేయించెననియు, కొన్ని గుర్తులు బురదతో నిండుటచేతను, కొన్ని బాటసారుల అడుగులచే అరిగిపోవుటచేతను అర్థము కాలేదనియు కూడ వ్రాసెను. ఈ సమాధానమును పాఠకులు గమనింపవలెను. చదువుటకు వీలులేకపోయినది, దోషము బురదదే అయినది. బురద లేకున్నను అది వ్రాత కాకపోవచ్చునని ఎవరికిని తోచలేదు. ఆరువందల సంవత్సరములకు పైగా ఆ శిల ప్రతిష్ఠకు ఈ ఒక్క వాక్యమే ఆలంబనము.

1833లో డెన్మార్క్ రాజకీయ విజ్ఞాన పరిషత్తు ఒక సంఘమును నియమించి రూనామోకు పంపినది. అందు ముగ్గురు సభ్యులు. ఐస్లాండులో 1781లో జన్మించి, కోపెన్‌హాగెన్‌లో స్థిరపడి, ప్రాచీన నార్స్ సాహిత్యమున గొప్ప పండితుడని పేరొందిన ఫిన్ మాగ్నూసెన్ ఒకడు. చరిత్ర, సాహిత్యములందు పండితుడైన మోల్బెక్ రెండవవాడు. భూగర్భ శాస్త్రజ్ఞుడైన ఫోర్క్‌హామర్ మూడవవాడు. శాస్త్రము, చరిత్ర, భాష అను మూడింటికిని తగినవారే ఉన్నారు. ఇంతకంటె జాగ్రత్తగా సంఘమును ఏర్పరచుట కష్టము. అయినను ఫలితము తప్పయినది. కాబట్టి కారణమును వెదకవలసినది వారి పాండిత్యమున కాదు, వారు అనుసరించిన పద్ధతిలో.

మాగ్నూసెన్ గ్రంథము

శిలమీద చిత్రకారునిచే గీతల పటము వ్రాయించిరి. వానిలో ఏవి సహజమైన పగుళ్లో, ఏవి మనుష్యుడు చెక్కినవో ఫోర్క్‌హామర్ విడదీసెను. ఆ పటము కోపెన్‌హాగెన్‌కు చేరినది. చాలనాళ్లు దాని అర్థము తెలియలేదు. 1834 మే నెలలో ఒకనాడు మాగ్నూసెన్ ఆ పటమును కుడినుండి ఎడమకు చదువుటకు ప్రయత్నించెను. ఒక్క పూటలో మొత్తము విడిపోయినది! అది ప్రాచీన నార్స్ ఛందస్సులోని పద్యమని అతడు ప్రకటించెను. బ్రావల్లా యుద్ధమునకు ముందు హారల్డ్ రాజుకు జయమును, అతని శత్రువునకు నాశనమును కోరు పద్యమట అది. ఈ పఠనమును సమర్థించుచు, రూన్ లిపి చరిత్రనంతను చర్చించుచు, 1841లో ఏడువందల పైచిలుకు పుటల గ్రంథమును అతడు వెలువరించెను.

ఆ గ్రంథమందలి పాండిత్యము సామాన్యమైనది కాదు. అయినను దాని వాదములో మూడు దోషములు కలవు.

మొదటి దోషము ప్రశ్నల వరుస. రాతిమీద వ్రాత ఉన్నదనుట సాక్సో మాటచే సిద్ధమైనట్లు భావించి, ఏయే గీతలు వ్రాతలోనివి అనుదానినే పరిశోధించిరి. అసలు ఒక్క గీతయైనను ఉలితో చెక్కినదని నిరూపింపబడినదా? ఈ ప్రశ్నకు పఠనమే జవాబుగా చూపబడినది. అర్థము వచ్చినది గనుక అది వ్రాత. వ్రాత గనుక అర్థము వచ్చినది. ఇది గానుగెద్దు నడక. ఎంత తిరిగినను బయలుదేరిన చోటనే ఉందుము. పైగా మాగ్నూసెన్ పఠనములో వచ్చినది తండ్రి జ్ఞాపకార్థపు శాసనము కాదు, యుద్ధమునకు ముందటి ప్రార్థన. సాక్సోను నమ్మి బయలుదేరి, సాక్సో చెప్పనిదానిని చదివి, తిరిగి సాక్సోను సాక్షిగా పిలిచినట్లయినది.

రెండవ దోషము పటము. చదివినది శిలను కాదు, శిల యొక్క పటమును. శిలమీది గీతలన్నియు పటములో లేవు. సహజమని తోచినవి వేరుచేయబడినవి. వేలకొలది గీతలలో కొన్నిటిని ఏరినపుడు, ఏరినవాని మనస్సులోని రూపమే ఆ ఏరికలోనికి దిగును. ఇందులో మోసము లేదు. ఫోర్క్‌హామర్ పేరుపొందిన శాస్త్రజ్ఞుడు. కాని ఇచ్చట వ్రాత ఉన్నదని చెప్పి ఒకని చేతికి పెన్సిలు ఇచ్చినచో ఆ చేయి అక్షరములవైపే మొగ్గును.

మూడవ దోషము పఠనములోని స్వేచ్ఛ. ఎడమనుండి కుడికి చదివిన అర్థము రాలేదు. కుడినుండి ఎడమకు చదివిరి. ఒక్కొక్క చోట రెండు మూడు అక్షరములు ఒకే కాడమీద కలిసియున్నవనిరి. అట్టి సంయుక్తాక్షరములు నిజమైన రూన్ శాసనములలోను కలవు. కాని పగుళ్ల చిక్కులో ఈ వెసులుబాటు తీసికొన్నచో హద్దు ఏది? విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఒక అగ్గిపెట్టెలోని పుల్లలను బల్లమీద వెదజల్లుడు. వానిలో రోమను అంకెలను వెదకుడు. ఏ ప్రక్కనుండియైనను చదువవచ్చును, అక్కరలేని పుల్లలను విడువవచ్చును, ఒకే పుల్లను రెండు అంకెలలో వాడుకొనవచ్చును అని నియమము పెట్టుకొనుడు. మీ పుట్టిన సంవత్సరము కూడ దొరకుట కష్టము కాదు.

"ఛందస్సు తప్పని పద్యము పగుళ్లనుండి కాకతాళీయముగా పుట్టునా?" అని ఆనాటివారికి తోచియుండవచ్చును. పగుళ్లనుండి పుట్టదు, నిజమే. అది పుట్టినది పాఠకుని మనస్సునుండి. ప్రాచీన పద్యములను వేలకొలది కంఠస్థము చేసినవానికి, ప్రతి గీతయు ఒక అక్షరమునకు ప్రేరణమైనపుడు, ఛందస్సు తనంతట అదియే వచ్చి కూర్చుండును. తక్కువ చదువుకొన్నవాడు ఆ శిలనుండి నాలుగు అక్షరములకంటె ఎక్కువ రాబట్టలేకపోయెడివాడు. పండితుడు గనుక పద్యమునే రాబట్టెను. ఇట్టి విషయములలో పాండిత్యము రక్షణ కాదు, ఒక్కొక్కప్పుడు అదియే అపాయము.

వోర్సో గ్రంథము

ఆ కాలమున ప్రసిద్ధుడైన స్వీడిష్ రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్ ఈ గీతలు ప్రకృతి సిద్ధములే అని అభిప్రాయపడెను. కాని వివాదమును తేల్చినవాడు వోర్సో. 1821లో జన్మించిన అతడు 1844లో ఇంకను ఇరువదిమూడేండ్ల యువకుడు. లిపి పాండిత్యమున మాగ్నూసెన్‌తో పోటీపడదగినవాడు కాడు. అతడు పోటీపడనూ లేదు. పఠనములోని ఫలానా అక్షరము తప్పు, ఫలానా పదము తప్పు అని వాదించియుండినచో ఆ చర్చ నేటికిని తెగియుండదు. అతడు రూనామోకు స్వయముగా వెళ్లి, చిత్రకారునిచే మరల పటము వ్రాయించి, దానిని పాత పటముతో సరిచూచెను. రెండును కలియలేదు. అక్షరములని చెప్పబడిన గీతలకును, వాని ప్రక్కనున్న సాధారణమైన పగుళ్లకును భేదము కనబడలేదు. అవి ప్రకృతి చేసిన పగుళ్లే అని అతడు నిర్ణయించెను. నేటివరకు ఆ నిర్ణయము చెక్కుచెదరలేదు.

ఆ పగుళ్లు ఎట్లు ఏర్పడినవి? రూనామో శిల డోలరైటు అను నల్లరాయి. భూగర్భములో కరగిన శిలాద్రవము పైనున్న రాతి నెరియలోనికి చొచ్చుకొని, అందే చల్లారి గట్టిపడినచో గోడవంటి శిల ఏర్పడును. దీనిని డైకు అందురు. చల్లారునపుడు శిల కుంచించుకొనును. కుంచించుకొనునపుడు పగులును. ఎండిన చెరువులో ఒండ్రుమట్టి నెరియలువారినట్లే ఇదియు. డైకు రెండు ప్రక్కలనుండి చల్లారుటచే చాల పగుళ్లు ఒక గోడనుండి మరియొక గోడవైపు అడ్డముగా ఏర్పడును. తరువాత వానయు మంచును వానిని వెడల్పు చేయును. సాక్సో చెప్పిన "రెండు రేఖలు" డైకు యొక్క రెండు అంచులని తెలిసికొన్నచో ఆ పాత వర్ణన కూడ చక్కగా అన్వయించును. పద్యమును చదివిన గ్రంథముకంటె పగులును చూచిన గ్రంథమే సాక్సో వాక్యమునకు మేలైన వ్యాఖ్య అయినది.

ఇట్టి డైకులు మన తెలంగాణములోను రాయలసీమలోను కొరతలేదు. ఎర్రని, బూడిదరంగు గ్రానైటు గుట్టల నడుమ నల్లని రాళ్ల వరుస తిన్నగా సాగిపోవుట ఉపాధ్యాయులు చాలమంది చూచియే యుందురు. విద్యార్థులను అచ్చటికి తీసికొనిపోయి పగుళ్లు ఏ వైపున ఉన్నవో చూపినచో రూనామో కథ పుస్తకములోని కథగా మిగలదు.

నిజమైన పఠనము ఎట్లుండును?

ఇంతమాత్రముచేత తెలియని లిపిని చదువుటయే భ్రమ యని అనుకొనరాదు. మాగ్నూసెన్ రూనామోను చదివిన మూడేండ్లకు, 1837లో, కలకత్తాలో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివెను. సాంచి స్తూపపు ప్రాకారముమీద చిన్నచిన్న శాసనములు చాల కలవు. వానిలో ఎక్కువభాగము ఒకే రెండక్షరములతో ముగియుట అతడు గమనించెను. దాతలు తమ పేర్లు చెక్కించి చివర "దానం" అని వ్రాయించియుందురని ఊహించెను. ఆ ఊహవలన దొరకిన అక్షరములు తక్కిన శాసనములలోను అదే విలువతో చెల్లినవి. ఢిల్లీ స్తంభము తెలిసినది, తరువాత గిర్నార్ శిల తెలిసినది. ఒక తాళపుచెవి ఎన్నో తలుపులు తీసినది. మాగ్నూసెన్ తాళపుచెవి ఒక్క తలుపునకే పట్టినది. ఆ తలుపును కూడ అతడే గీసికొనెను.

కుడినుండి ఎడమకు చదువుటయు స్వతః దోషము కాదు. కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి అశోక శాసనములను 1929లో ఘోష్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అందలి లఘు శిలాశాసనములో కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును నడచుచున్నవి. దీనిని మనము ఎందుకు నమ్ముచున్నాము? లఘు శాసనపు పాఠము మాస్కి, బ్రహ్మగిరి మొదలగు ఇతర స్థలములలోను లభించినది గనుక, ఏ పండితుడు చూచినను అవే అక్షరములను చూచును గనుక. రాళ్లను పరీక్షించుటకు తిరుగు శాస్త్రజ్ఞుడే నిజమైన వ్రాతను గుర్తించుట కూడ గమనింపదగినది. రాతి స్వభావము తెలిసినవానికి, రాతిది కానిదేదో వెంటనే తెలియును.

ఎదురు పొరపాటు

మనుష్యుడు చెక్కినదానిని ప్రకృతికి అంటగట్టుటయు జరిగినది. జర్మనీలోని వ్యూర్త్‌స్‌బుర్గ్ విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడైన బెరింగర్‌కు 1725లో వింత రాళ్లు దొరకసాగినవి. వానిపై బల్లులు, పక్షులు, గూళ్లతోసహా సాలెపురుగులు, సూర్యచంద్రులు, చివరకు హీబ్రూ అక్షరములు కూడ ఉబ్బెత్తుగా ఉన్నవి. ఇవి శిలలో సహజముగా ఏర్పడినవని నమ్మి 1726లో అతడు గ్రంథము ప్రకటించెను. వానిమీద కత్తిగాట్లవంటివి ఉండుటను అతడు స్వయముగా గమనించెను, గమనించియు త్రోసిపుచ్చెను. ఆ రాళ్లను అతని సహోద్యోగులే చెక్కించి పెట్టించిరని తరువాత విచారణలో తేలినది.

మాగ్నూసెన్ పగులులో అక్షరమును చూచెను. బెరింగర్ అక్షరములో ప్రకృతిని చూచెను. రెండు పొరపాట్లును ఎదురెదురైనవే అయినను మూలము ఒకటియే. గీత ఎట్లు ఏర్పడినదో తేలకముందే దాని అర్థమును వెదకిరి.

బడిలో ఏమి చేయవలెను?

వింత రాయి చేతికి వచ్చినపుడు ఉపాధ్యాయుడు మొదట విరిగిన అంచును చూడవలెను. చెక్కిన అక్షరము పైభాగమునకే పరిమితమై ఉండును. గూడూరు ప్రాంతపు అభ్రకపు గనుల రాళ్లలో గ్రాఫిక్ గ్రానైట్ అనునది కనబడును. ఫెల్డ్‌స్పార్‌లో పలుగురాయి కోణములుగా ఇమిడి, పరాయి లిపివలె తోచును. కాని ఆ "అక్షరములు" రాతిలోపలికి పోవును. ఎచ్చట విరిగినను మరల కనబడును. పగులు కూడ అట్లే లోపలికి దిగును. సున్నపురాతి పలకలపై చెట్టుకొమ్మలవలె ఉండు నల్లని బొమ్మలు దీనికి భిన్నము. అవి పొరల సందులలోనికి ఇంకిన నీరు విడిచిన మాంగనీస్ ఆక్సైడ్ పూతలు. వ్రేలితో తడిమినచో గాడి తగులదు.

రెండవది, గీత ఎచ్చట ఆగుచున్నదో చూడవలెను. అక్షరము తన పంక్తిలో ఆగును. పగులు పంక్తిని లెక్కచేయక రాతి అంచువరకు పోవును, ప్రక్కరాతిలోను అదే దిశలో కనబడవచ్చును. మూడవది, ఒకే రూపము మరల మరల వచ్చుచున్నదా అని చూడవలెను. ఏ భాషలోనైనను కొన్ని అక్షరములు తిరిగి తిరిగి రాకతప్పదు. నాల్గవది, వ్రాత సంగతి ఏమియు తెలుపక ఇద్దరు విద్యార్థులచేత వేరువేరుగా పటము వ్రాయింపవలెను. రెండు పటములును ఏ మేరకు కలిసినవో చూచినచో వోర్సో చేసిన పని తరగతి గదిలోనే జరిగినట్లగును.

వీనిలో ఏ ఒక్కటియు తనంతట తీర్పు కాదు. ఎండకు వానకు అరిగిన నిజమైన శాసనము పగుళ్లవలె కనబడవచ్చును. కాబట్టి వ్రాత అయియుండునను అనుమానము మిగిలినచో రాతిని పగులగొట్టరాదు, గీతలలో సుద్దగాని రంగుగాని నింపరాదు, ఉన్నచోటినుండి కదల్పరాదు. ప్రొద్దుటిపూటనో సాయంకాలముననో ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి, స్థలమును వివరముగా వ్రాసికొని, పురావస్తు శాఖవారికి తెలుపవలెను. సుద్దతో గీతలు దిద్దుట అనగా ఫోర్క్‌హామర్ పటమును రాతిమీదనే వ్రాయుట. ఆ తరువాత చూచువారికి రాయి కనబడదు, సుద్ద మాత్రమే కనబడును.

మాగ్నూసెన్‌కు న్యాయము చేయుటకు ఒక్క మాట చెప్పవలసియున్నది. అతడు మోసగాడు కాడు. తన పటమును, తన వాదమును అచ్చువేయించి అందరి ముందు ఉంచెను. ఉంచెను గనుకనే వోర్సో వానిని శిలతో సరిచూడగలిగెను. దాచిపెట్టిన పొరపాటు వందలయేండ్లు బ్రదుకును. ప్రకటించిన పొరపాటు మూడేండ్లలో దిద్దబడినది.

"ఇది వ్రాత కాదు" అని తేలినపుడు రాయి తెచ్చిన విద్యార్థి చిన్నబోవును. అచ్చట ఉపాధ్యాయుని పని ముగియరాదు. రూనామోలో రాజు లేడు, పద్యము లేదు. భూమి లోపలినుండి పొంగి, నెరియలో చొచ్చి, చల్లారి పగిలిన శిల ఉన్నది. మనుష్యుడు పుట్టకముందు కోట్ల సంవత్సరముల నాటి సంగతి అది. విద్యార్థి తెచ్చిన రాతిలోను ఇట్టి సంగతి ఏదో ఉండును. దానిని చెప్పి, రాతిమీద దొరికిన చోటును తేదీని తెలుపు చీటీ అంటించి, ఆ రాతిని బడి అలమరలో ఉంచవలెను.